ఎన్నో నెలమ్మా?

తిరుమల ఎక్స్‌ప్రెస్ కడపలో ఆగేసరికి తెల్లారి ఎండ పొడుచుకొచ్చింది. ముందు రోజు సాయంత్రం రాజమండ్రిలో ఎక్కి, రాత్రంతా ఎడమవైపు తిరిగి పడుకుని వచ్చాను. ఐదో నెల నిండి ఆరో నెల నడుస్తోంది. "ప్రయాణాలేమైనా ఉంటే ఈ మధ్య నెలల్లోనే పెట్టుకో. వాంతులు తగ్గిపోతాయి, ఆయాసం ఇంకా మొదలవదు. ఫైలు మాత్రం సూట్‌కేసులో పడెయ్యకు, చేతిసంచీలోనే ఉంచుకో" అని అమలాపురంలో మా డాక్టరమ్మ పంపింది. మా ఆయన అక్కయ్య ఉండేది ప్రొద్దుటూరులో, ఆవిడ అత్తవారిది పులివెందుల. రాయలసీమ చూపిస్తానని వదిన ఎన్నాళ్లనుంచో పిలుస్తోంది. కాలవగట్లూ కొబ్బరిచెట్లూ తప్ప మరో నేల ఎరగని నాకు, బిడ్డ పుట్టి కాళ్లకు బంధం పడకముందే ఆ దేశం చూసి రావాలనిపించింది.

కడపనుంచి ప్రొద్దుటూరు బస్సు కమలాపురం, ఎర్రగుంట్ల మీదుగా వెళ్తుంది. ఎక్కగానే కండక్టరు నా పొట్ట వంక చూసి, "ఎన్నో నెలమ్మా? ఎనక సీట్లో గతుకులు తగుల్తాయి, ముందుకొచ్చి కూచ్చో" అన్నాడు. ముందు సీట్లోని కుర్రాడు అడగకుండానే లేచాడు. మావైపు ముక్కూ మొహం తెలియనివాళ్లు కడుపుతో ఉన్నదాన్ని చూస్తే చూపు తిప్పుకుంటారు. నెలలు అడిగేది చుట్టాలే. ఇక్కడ కండక్టరు మొదలు పూలమ్మే ఆవిడ దాకా అందరూ అడిగారు. మొదట కాస్త బిగుసుకుపోయాను కానీ సాయంత్రానికల్లా నేనే చెప్పడం మొదలుపెట్టాను.

ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు, రోడ్డు పక్కన నిలువునా పేర్చిన నాపరాళ్లు. మా వంటింట్లో పొయ్యి గట్టుకు పరిచిన నల్లటి కడపరాయి పుట్టిల్లు ఇదేనన్నమాట! ఇక్కడ ఆ రాళ్లనే పొలానికి కంచెలా పాతారు, ఇంటిముందు అరుగులేశారు. తర్వాత పెన్న వచ్చింది. వంతెన మీంచి చూస్తే పరుచుకున్న ఇసుక, దాని మధ్య సన్నగా నీళ్లు. గోదావరి చూసిన కళ్లకు ముందు జాలేసింది కానీ, అంత ఇసుకా ఒక్కసారి నీటితో నిండితే ఎలా ఉంటుందో ఊహిస్తే ఒళ్లు జలదరించింది.

ప్రొద్దుటూరులో మర్నాడు పొద్దున్నే వదిన కారం దోశ తినిపించింది. మందంగా, మెత్తగా ఉన్న దోశ మీద ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి, పక్కన చెనిక్కాయ చట్నీ వేసిచ్చారు. మా కోనసీమ పెసరట్టు ఉప్మా పక్కన ఇది వేరే ప్రపంచం. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా వదల్లేదు. ఇంకో పూట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నానబెట్టిన బొరుగుల్ని తాలింపేసి అంత మెత్తగా చేస్తారని నాకు తెలియదు. మా ఇంట్లో బొరుగులంటే మరమరాలు, పిల్లలకు చిరుతిండి, అంతే.

ఈ ఊరిని రెండో బొంబాయి అంటారని విన్నాను. బంగారు అంగళ్ల వీధిలోకి వెళ్లాక ఎందుకంటారో అర్థమైంది. ఒక్కో దుకాణం వెడల్పు చేతులు చాపినంతే. లోపల తెల్ల పరుపు, అద్దాల పెట్టెలో త్రాసు, మెట్ల మీద ఎదురుచూసే పల్లెటూరి కుటుంబాలు. పక్క సందుల్లో కంసాలులు వంగి ఊదుకుంటూ పనిచేస్తుంటారు. అమ్మవారిశాలగా పిలిచే కన్యకా పరమేశ్వరి గుడి చూపించి, దసరాకు వస్తే ఊరు ఊరంతా నిద్రపోదని వదిన చెప్పింది. పుట్టపర్తి నారాయణాచార్యులు, గడియారం వేంకటశేషశాస్త్రి ఉన్న ఊరు ఇదేనని కూడా ఆవిడ మాటల్లోనే తెలిసింది. బంగారం తూచే వీధులకు అంత దగ్గర్లో అంత కవిత్వం ఉందంటే ఆనందం కలిగింది.

ఆ వీధిలోనే ఒక దుకాణం బల్ల మీంచి లేవబోతే పొత్తికడుపు కుడివైపు కత్తితో పొడిచినట్టు నొప్పి. ఊపిరి బిగబట్టాను. క్షణాల్లో తగ్గింది. కానీ మనసులో అప్పటికే ఇంకోటి మెదులుతోంది. రైల్లో రాత్రి బిడ్డ మెదలడం తెలిసింది. ప్రొద్దుటూరు వచ్చాక దాని జాడ నాకు గుర్తు లేదు. తిరగడంలో గమనించలేదా, లేక నిజంగానే కదల్లేదా? చెప్పులు బిగుతయ్యేలా పాదాలు వాచాయి. మూత్రానికి వెళ్తే మంట. ఒక్కొక్కటీ చిన్నదే, అన్నీ కలిసి ఒకేసారి పైనబడ్డాయి. మొదటి కాన్పు నాకు. ఏది మామూలో ఏది కాదో పోల్చుకోడానికి వెనక అనుభవం లేదు.

వదిన చీరల దుకాణంలో ఉంది. ఫోను తీస్తే సిగ్నల్ లేదు. డాక్టరు బోర్డు ఏదో చూసిన గుర్తుతో ఒక సందు తిరిగాను, అది ఇంకో సందులో కలిసింది, అక్కడా బంగారు కొట్లే. నడుస్తున్నకొద్దీ ఒకేలాంటి మెట్లు, ఒకేలాంటి అద్దాలు. గాజుల కొట్టావిడ నన్ను చూసి లేచొచ్చింది. "యాడికి పోవాలమ్మా? మొగమట్లా పీక్కపోయిందే. ఎన్నో నెల?" చెప్పాను. స్టూలు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. మా అత్తగారికి చెబితే 'ఇవన్నీ మామూలే' అంటారేమో, డాక్టరు దగ్గరికి పోతే 'దీనికే వచ్చావా' అంటారేమో అని ఆవిడతో పైకే అనేశాను. ఆవిడ నా మాట సగంలోనే తుంచేసింది. "ఏమవుతాదో ఏమోనని రాత్రంతా కూచ్చునేదానికన్నా పోయి చూపిచ్చుకుంటే పోలా? బాగుందని చెప్పేదానికి గూడా డాక్టరే గదా ఉండేది." కొట్టు కొడుక్కి అప్పజెప్పి నాతో నడిచి, ఆడ డాక్టరు ఉండే ఆసుపత్రి గుమ్మం దాకా తీసుకొచ్చింది. వదినకు తన ఫోనునుంచే కబురు పెట్టింది.

లోపల బెంచీల మీద నాలాంటివాళ్లే. నర్సు ముందు బీపీ చూసింది, తర్వాత బరువు, మూత్రం పరీక్షకు సీసా. డాక్టరమ్మ నా ఫైలు మొదటి పేజీనుంచి చదివింది. అది నాకెంతో ధైర్యమిచ్చింది. పొట్టమీద జిగురు రాసి చిన్న పరికరం ఆనించగానే గదంతా టకటకమని చప్పుడు. నిమిషానికి 150 దగ్గర కొట్టుకుంటోందని, 110నుంచి 160 మధ్య ఉంటే సరిపోతుందని చెప్పింది. వదిన అప్పుడే తలుపు తోసుకుని వచ్చింది, ఆ చప్పుడు విని గుమ్మంలోనే ఆగిపోయింది.

అప్పుడు ఒక్కొక్కటీ విప్పి చెప్పింది ఆవిడ. గర్భసంచి పెరుగుతుంటే దాన్ని రెండువైపులా పట్టుకుని ఉండే బంధాలు సాగుతాయి, గబుక్కున లేచినా దగ్గినా చుక్కున లాగుతాయి, ఒక పక్కకు తిరిగి ముందు కాళ్లు దించి లేవాలి. పాదాల వాపు రాత్రంతా రైలు, మళ్లీ బస్సు ప్రయాణం వల్ల. బీపీ 110/70 ఉంది, మూత్రంలో ప్రోటీన్ లేదు కాబట్టి దానికి బెంగక్కర్లేదు. కదలికల సంగతి స్కానింగ్ కాగితంలోనే ఉంది. 18నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్ మా ఊళ్లోనే చేయించాను. అందులో మాయ గర్భసంచి ముందుగోడకు ఉందని రాశారు. నాకా వాక్యం అంతవరకూ కంటికి ఆనలేదు. బిడ్డకూ మన చర్మానికీ మధ్య మాయ మెత్తలా అడ్డుంటే తన్నులు మెత్తగా, ఆలస్యంగా తెలుస్తాయట. పైగా ఈ వారాల్లో కదలికలకు లెక్కాపత్రం ఉండదు. 24 వారాలు వచ్చేసరికి అసలేమీ తెలియకపోయినా, ఒకసారి బాగా తెలిశాక తగ్గినట్టనిపించినా మటుకు ఆగకుండా రావాలి.

మంట మాత్రం మామూలు కాదు. మూత్రంలో చీముకణాలు కనిపించాయి, ఇన్ఫెక్షన్. గర్భిణులు వాడదగిన మందు రాసి, కల్చర్‌కు పంపింది. ఇది వదిలేస్తే కిడ్నీ దాకా పాకి జ్వరం, నెలలు నిండకుండా నొప్పులు రావచ్చునంది. నేను పట్టించుకోదగ్గదనుకున్నది నొప్పి, పట్టించుకోనిది మంట. మందు పడింది మంటకే.

"తలనొప్పి తగ్గకుండా ఉండి కళ్లు మసకలు కమ్మినా, మొహం చేతులు ఉబ్బినా, కడుపు పైభాగంలో నొప్పొచ్చినా, రక్తం కనపడినా, నీళ్లు కారినా, పొట్ట గట్టిపడి వదులుతూ మళ్లీ మళ్లీ బిగుస్తున్నా రాత్రనీ పగలనీ చూడాకు. 108కి ఫోన్ చెయ్" అంది. 20 వారాల తర్వాత బీపీ 140/90 దాటితే ఎందుకంత కంగారో కూడా చెప్పింది. అది తల్లి మూత్రపిండాలకు, కాలేయానికి, బిడ్డకు అందే రక్తానికి కూడా దెబ్బ. ఆ మాటలన్నీ ఫైలు అట్ట వెనక రాసుకున్నాను. మీరెవరైనా కడుపుతో ఈ దారి వెళ్తే, మీరూ రాసుకోండి.

స్కానింగ్ గది తలుపు మీద లింగనిర్ధారణ చెయ్యరని బోర్డు. 1994 చట్టం, మా ఊళ్లోనూ ఇదే బోర్డు. దారిలో ప్రభుత్వాసుపత్రి ముందునుంచి వస్తే గర్భిణులతో కిటకిటలాడుతోంది. నెల నెలా 9వ తారీఖున గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్షలు జరిపే పథకం 2016నుంచి దేశమంతా ఉంది, ఆ రోజు 9. పల్లెలనుంచి ఆశా కార్యకర్తలు ఆటోల్లో వెంటబెట్టుకొచ్చారు. ప్రతివాళ్ల చేతిలో తల్లీబిడ్డల కార్డు. పరాయి ఊళ్లో ఉన్నా ఆ కార్డు ఉంటే మన కథ మనం మొదటినుంచీ చెప్పుకోనక్కర్లేదు.

గాజుల కొట్టావిడకు స్వీటు పట్టుకెళ్లాం. డబ్బా పక్కన పెట్టి ముందు "డాక్టరేమన్నాది?" అని అడిగింది. మొత్తం చెప్పించుకుని, నా చేతికి ఆకుపచ్చ మట్టిగాజులు తొడిగింది. డబ్బులు తీసుకోలేదు.

మందు మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగుతూ, డాక్టరమ్మ అనుమతితో జమ్మలమడుగు వెళ్లాం. నల్లరేగడి నేల, దానినిండా శనగ చేలు. మా నేల ఏడాది పొడుగునా తడిగా ఉంటుంది. ఇక్కడి నేల పగుళ్లిచ్చి నోళ్లు తెరుచుకుని, అందులోనే పంట పండి నిలబడింది. పచ్చి శనగకాయల కట్ట కొనిస్తే కారులో ఒలుచుకుంటూ వెళ్లాను. గండికోటలో పెన్న కొండను చీల్చుకుని పారే లోయను చూసినప్పుడు, వంతెన మీంచి జాలిపడ్డ నది ఇదేనా అనిపించింది. అంచు బండల మీదకు నేను ఎక్కలేదు. మాధవరాయ గుడి నీడలో కూర్చుని, మసీదు పక్క ధాన్యపు కొట్టు దాకా మెల్లగా నడిచాను. కడుపుతో ఉన్నవాళ్లు చూడ్డానికి అంతే చాలు, అది తక్కువేం కాదు. హరిత హోటల్ దగ్గర ఆగితే బాత్రూమ్‌కి ఇబ్బంది లేదు. మూత్రం ఆపుకోవద్దని చెప్పారు కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను.

సాయంత్రం జమ్మలమడుగులో చుట్టాలింట్లో లేచేసరికి లోపలి బట్ట తడిగా తగిలింది. అట్ట వెనక రాసుకున్న మాట కళ్లముందుకొచ్చింది: నీళ్లు కారినా. ఈసారి నేను ఎవరినీ అడగలేదు, ఎవరూ నన్నడిగేదాకా ఆగలేదు. "వదినా, ఆసుపత్రికి వెళ్దాం" అన్నాను. వదిన చెప్పులేసుకుంది. అక్కడి డాక్టరు లోపల చూసి, దగ్గమని, ఒక కాగితం పట్టీ తాకించి రంగు చూసింది. ఉమ్మనీరైతే రంగు మారాలి, మారలేదు. స్కాన్‌లో నీళ్లు సరిపడా ఉన్నాయి. ఈ నెలల్లో తెల్లబట్ట ఎక్కువవడం సహజమేనట. "మళ్లా అనుమానమొస్తే శుభ్రమైన ప్యాడ్ పెట్టుకోని చూడు, తడిసి ముద్దయితే రా. అర్ధరాత్రయినా సరే" అంది. అర్ధరాత్రయినా అన్న మాట పట్టుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. వేకువన, కళ్లు తెరవకముందే, బొడ్డు కింద కుడివైపు రెండుసార్లు మెత్తగా తోసింది బిడ్డ. వదినను లేపి చెప్పాను.

జమ్మలమడుగుకూ కాన్పుకూ ఉన్న అనుబంధం నాకు తెలిసింది పులివెందులలో. ముద్దనూరు మీదుగా వెళ్తే దారి పొడవునా కొండలు తగ్గుతూ, తోటలు మొదలవుతాయి. అరటి, చీనీ (మా బత్తాయి). చుట్టూ ఎండిన గుట్టలు, మధ్యలో డ్రిప్పు పైపుల కింద ఆకుపచ్చ చదరాలు. మా అరటి కాలవనీళ్లల్లో అడక్కుండా పెరిగేది. ఇక్కడి అరటికి ఒక్కో చుక్కా కొలిచి పెడుతున్నారు, అయినా గెల మా గెలకన్నా బరువుగా ఉంది! తోటలో కోసిన చీనీకాయ రసం గ్లాసులు గ్లాసులు తాగించారు.

వదిన అత్తగారు రాగిసంగటి ముద్ద మధ్య గుంట చేసి నెయ్యి పోసి, నాటుకోడి పులుసు పక్కన పెట్టింది. నమలకుండా మింగాలని చూపించింది. అన్నం తప్ప తెలియని నా నోటికి మొదటి ముద్ద మొండికేసింది, రెండోది దారి కనుక్కుంది. రాగుల్లో కాల్షియం, ఇనుము ఉంటాయని మా డాక్టరమ్మ కాగితం మీద రాస్తే పట్టించుకోలేదు. ఆ పెద్దావిడ పెడితే మారు వడ్డించుకున్నాను.

ఆవిడ చెప్పిన కథలు వింటూ మధ్యాహ్నమంతా అరుగు మీదే గడిచింది. "మా కాలంలో కానుపు కష్టమైతే జమ్మలమడుగు మిషనాసుపత్రికే పోవాల. ఎద్దులబండి కట్టుకోని, తెల్లారేటప్పటికి చేరితే చేరినట్టు." లండన్ మిషన్ వాళ్ల కాలంనుంచి ఉన్న క్యాంప్‌బెల్ ఆసుపత్రి అది. పులివెందుల మనిషి వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1949 జులై 8న పుట్టింది జమ్మలమడుగులోనే. వైద్యం చదివాక కొంతకాలం ఆ మిషన్ ఆసుపత్రిలోనే పనిచేసి, 1973లో తండ్రి రాజారెడ్డి పేరిట పులివెందులలో 70 పడకల ఆసుపత్రి పెట్టారు. ఆయన కొడుకు జగన్మోహన్ రెడ్డి పుట్టిందీ జమ్మలమడుగే, 1972లో. రాజకీయాలు పక్కన పెట్టి వింటే, పెద్దావిడ మాటల్లో నాకు వినిపించింది ఒక దూరం. నొప్పులొచ్చిన ఆడమనిషికీ, చూసే చేతికీ మధ్య ఉన్న దూరం. ఆవిడ తోటికోడలు ఆ దూరంలోనే, బండిలోనే ప్రాణం వదిలిందట. కడుపులో బిడ్డ కదలడం లేదని ముందు రోజునుంచీ చెబుతూనే ఉందట. ఎవరూ పట్టించుకోలేదని చెబుతూ ఆవిడ సంగటి గిన్నె పక్కకు జరిపేసింది.

2018–20 లెక్కల్లో దేశంలో లక్ష సజీవ జననాలకు 97 మంది తల్లులు చనిపోతే, ఆంధ్రప్రదేశ్‌లో 45. అప్పటికి ఇప్పటికి ఎంత మారింది! ఆ 45లో ఒక్కరు మన ఇంటి మనిషైతే ఆ అంకె ఏం ఓదార్పు? గర్భిణి కనీసం ఎనిమిది సార్లు ఆరోగ్య సిబ్బందిని కలవాలని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంతకుముందు నాలుగన్నారు. ఆ పెరిగిన నాలుగింటిలో భయాలు చెప్పుకోడానికి కూడా చోటుండాలని నా కోరిక.

కల్చర్ రిపోర్టు ఫోనులో వచ్చింది. రాసిన మందే దానికి సరిపోతుంది, కోర్సు పూర్తి చెయ్యమన్నారు. పులివెందులలో బీపీ మళ్లీ చూపించుకున్నాను, బాగుంది. 24 వారాలు దాటాక గ్లూకోజు నీళ్లు తాగి చక్కెర పరీక్ష, అది మా ఊళ్లో.

మీరు వెళ్లేట్టయితే చలికాలం చూసుకోండి, ఎండాకాలం ఆ నేల వేడిని కడుపుతో ఉన్నవాళ్లు ఓర్చుకోలేరు. నీళ్లసీసా, ఫైలు, వదులు చెప్పులు చేతిలో పెట్టుకోండి. రెండు గంటలకోసారి బస్సు దిగి నాలుగడుగులు నడవండి. ప్రొద్దుటూరులో కారం దోశకు కారం తగ్గించమంటే తగ్గిస్తారు. మీకేం అనుమానం వచ్చినా పక్క సీటావిడకు చెప్పండి, ఆవిడే మీకన్నా ముందు నెలలు అడుగుతుంది. పులివెందులలో చీనీ రసంలో చక్కెర వెయ్యొద్దని ముందే చెప్పాలి, లేకపోతే ప్రేమ కొద్దీ రెండు చెంచాలు వేసేస్తారు.